లోపలి క్లిప్పు

ఆ వేసవి పొడుగునా మా ఇంట్లో ఒక మెషిన్ మొదలవకుండా నిలబడి ఉంది. ఇంకేం జరిగిందని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగేది పెద్దగా లేదు. పొద్దున్నే పనికి వెళ్లేటప్పుడు వెనక షెడ్డులోకి తొంగిచూసేదాన్ని. గుడ్డ కప్పుకుని ఉండేది. సాయంత్రం వచ్చాక చూసేదాన్ని. గుడ్డ తీసి ఉండేది, మా ఆయన దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఏదో ఒక బోల్టు బిగిస్తూ ఉండేవాడు. అంతే.

దాన్ని డ్రమ్ శాండర్ అంటారు. చెక్కపలకను ఒక పక్క పెడితే కింద ఉన్న రబ్బరు పట్టా దాన్ని మెల్లగా లోపలికి లాక్కుంటుంది. పైన రొట్టెల కర్రకి పెద్దన్నలాంటి డ్రమ్ము, ఒంటినిండా గరుకు ఉప్పుకాగితం చుట్టుకుని గిర్రున తిరుగుతూ ఉంటుంది. పలక అటుపక్కకి వచ్చేసరికి చెంపలా నున్నగా అయిపోతుంది. చేత్తో రుద్దితే పూటంతా పట్టే పని. మూతబడ్డ ఒక కొట్టువాళ్ల దగ్గర పాతది దొరికింది. ట్రాలీ మీద తెచ్చి నలుగురు మనుషులు దించారు.

"ఇదేంట్రా, దుప్పట్లు పిండే మెషినా?" అంది మా అత్తగారు గుమ్మంలో నిలబడి.

"చెక్క నున్నగా చేసేదమ్మా."

"ఆ పని మీ నాన్న ఒట్టి చేతుల్తో చేసేవాడు."

మా ఆయన ఎడమచేతిని జేబులో పెట్టుకున్నాడు.

ఆ చేతికి చూపుడువేలూ మధ్యవేలూ లేవు. కిందటి చలికాలం ఫ్యాక్టరీలో చెక్క చిత్రిక పట్టే మెషిన్ దగ్గర గ్లవ్ తొడుక్కుని పనిచేశాడు. బ్లేడు గ్లవ్‌ను పట్టుకుంది, గ్లవ్ చేతిని పట్టుకుంది. మిగతాది ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు. ఆ తర్వాత ఫ్యాక్టరీవాళ్లు గేటు దగ్గర కూర్చునే పని ఇస్తామన్నారు. ఆయన అప్పుడే కాదనలేదు, ఔననలేదు. ఈలోగా ఊళ్లో బడివాళ్లు లైబ్రరీకి చదువుకునే బల్లలు చేయమని అడిగారు. బడి తెరిచేలోపు కావాలన్నారు. గేటు సంగతి కూడా అప్పటిలోపే తేల్చి చెప్పమన్నాడు ఫోర్‌మన్. అంటే ఆ వేసవి ముగిసేసరికి మా ఆయన షెడ్డులో ఉంటాడో గేటు దగ్గర ఉంటాడో ఆ మెషినే తేల్చాలి.

ఆయన తొందరపడలేదు. ముందు నేల చదును చేయించాడు. రసమట్టం పెట్టి నాలుగు కాళ్లూ సరిచేశాడు. మర్నాడు మళ్లీ రసమట్టం పెట్టి చూశాడు. డ్రమ్ము బల్లకి సమానంగా ఉందో లేదో చూడ్డానికి ఒకే మందం ఉన్న రెండు చెక్కముక్కలు ఈ కొసనా ఆ కొసనా దూర్చి, కళ్లు మూసుకుని కుడిచేత్తో కదిపి చూసేవాడు. ఒక పక్క బిగుతుగా, ఇంకో పక్క వదులుగా ఉంటే పానా తీసుకునేవాడు. కరెంటు తీగ నడిచే దారిలో ఉండకూడదని గోడవెంట పైపులో నడిపించాడు. దుమ్ము లాగే గొట్టం కిటికీ బయటికి పెట్టించి, అది అత్తగారి గదివైపు తిరిగి ఉందని గుర్తొచ్చి, మళ్లీ విప్పి ఇంకోవైపు పెట్టించాడు.

వైరింగుకి వచ్చిన ఎలక్ట్రీషియన్ కుర్రతనం పోని మనిషి. నిచ్చెన మీద నుంచే నవ్వాడు.

"మేస్త్రీ, ఆపరేషన్ థియేటర్‌కి కూడా నేను ఇంత గట్టిగా ఎర్త్ వేయలేదు. ఇక్కడ ఎవరికైనా కాన్పు చేయిస్తావా ఏంటి?"

"నువ్వు వెయ్యి. నవ్వు తర్వాత నవ్వుకుందాం."

"అక్కా, ఈయనతో కాపురం ఎలా చేస్తున్నావు?"

"ఎర్త్ వేయించుకున్నాను" అన్నాను. మా ఆయన కూడా నవ్వాడు. ఆ వేసవిలో ఆయన నవ్వింది అప్పుడే అనుకుంటా.

మెయిన్ స్విచ్చుకి చిన్న ఇనుప పెట్టె పెట్టించాడు. దానికి తాళం. తాళంచెవి ఒక్కటే. షెడ్డులో ఆయన పెట్టిన రూల్స్‌లో మొదటిది అదే. మెషిన్ లోపల ఎవరి చెయ్యి ఉంటే తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండాలి. నాకూ చెప్పాడు, వినపడీ వినపడనట్టు కూర్చున్న అత్తగారికీ చెప్పాడు. గ్లవ్స్ వద్దు. ఉంగరం, గొలుసు వద్దు. పొడుగు చేతులు మడవాలి. జుట్టు ముడి వేయాలి. ముక్కుకి మాస్కు, చెవులకి చప్పుడు ఆపే డిప్పలు, కళ్లకి అద్దాలు. పలక వచ్చే దారిలో ఎదురుగా నిలబడకూడదు, పక్కకి ఉండాలి.

"పెళ్లికూతుర్ని తెచ్చి గదిలో కూర్చోబెట్టి రోజూ మొహం తుడుస్తున్నట్టుంది నీ వరస" అంది అత్తగారు. "కాపురం ఎప్పుడు మొదలెడతావురా?"

ఆవిడకి ఆ చెవుల డిప్పలు మాత్రం నచ్చాయి. ఒక జత తన దగ్గరే ఉంచుకుని, నేను ఏదైనా విసుక్కోబోతే పెట్టుకునేది.

నేను ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తాను. తడి దుప్పటి రెండు కొసలూ ఇద్దరం పట్టుకుని వేడి రోలర్ల మధ్యకి పంపిస్తాం. అటుపక్క ఇంకో ఇద్దరు అందుకుంటారు. రోజంతా నా వేళ్లు రోలర్లకి జానెడు దూరంలో ఉంటాయి. ఇంటికి వచ్చేసరికి పాదాలు చెప్పుల్లో పట్టనట్టు ఉబ్బిపోయి, వీపు నాది కాదన్నట్టు ఉంటుంది. బస్సు దిగి వీధి మలుపు తిరిగేటప్పుడు, షెడ్డులోంచి మోటారు చప్పుడు వినపడుతుందేమోనని నడక ఆపేదాన్ని. వినపడేది కాదు. వినపడనందుకు కోపం రావాలి. కానీ కోపం తెచ్చుకోవడం కూడా ఒక పనే. చెప్పులు విప్పుకునేసరికి ఆ పని చేసే ఓపిక ఉండేది కాదు.

అలా చూస్తూ చూస్తూ, ఆయనకి ఏమైందో నాకు తెలిసిపోయింది అనుకున్నాను. భయం. మోకాలి మీద కూర్చుని బోల్టు బిగిస్తున్న వీపులో అది నాకు స్పష్టంగా కనిపించేది. జాగ్రత్త అనేది ఆయన భయానికి తొడిగిన మంచి చొక్కా. దాన్ని రోజూ ఉతికి, గుండీలు పెట్టి, బయటికి తీసుకొస్తున్నాడు. ఈ సంగతి తెలిశాక నాకు కొంత నెమ్మది వచ్చింది. ఒక మనిషి మనకి అర్థమైపోయాడు అనుకోవడంలో ఒక సుఖం ఉంటుంది. ఇక అతన్ని గట్టిగా చూడక్కర్లేదు.

భయపడే మనిషిని తొందరపెట్టకూడదని నేనూ మెత్తగానే మాట్లాడేదాన్ని.

"మా రోలర్ల ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది" అని ఒకరోజు చెప్పాను. "ఏం తగిలినా చాలు, మెషిన్ ఆగిపోతుంది. దీనికీ అలాంటిది పెట్టొచ్చుగా."

ఆయన తల ఎత్తి చూశాడు. నేను చేసే పని గురించి ఆయన అంతవరకూ ఏమీ అడగలేదు. ఆ రోజు అడిగాడు. కడ్డీ ఎంత ఎత్తులో ఉంటుంది, మోచేయి తగిలినా ఆగుతుందా, ఎవరి చెయ్యైనా ఎప్పుడైనా లోపలికి వెళ్లిందా అని. మర్నాటికి స్విచ్చు ముందు వెడల్పాటి ఎర్ర పలక ఒకటి వేలాడదీశాడు. రెండు చేతులూ చెక్క మీద ఉన్నా దాన్ని తుంటితో తోస్తే చాలు, మెషిన్ ఆగుతుంది. దాన్ని తుంటితో తోసి తోసి చూశాడు. కరెంటు లేకుండా.

"ఇంకేం మిగిలింది?" అని అడిగాను.

"కాగితం చుట్టాలి."

"చుట్టండి. నేను పట్టుకుంటా."

"నువ్వు వెళ్లి పడుకో. అలిసిపోయి ఉన్నావు."

కాగితం చుట్టే పని మాత్రం ఆయన నేను లేనప్పుడే చేసేవాడు. నేను వచ్చేసరికి ఒకరోజు చుట్టి ఉండేది, ఇంకోరోజు విప్పి ఉండేది. దాన్ని కూడా నేను భయం పద్దులోనే వేసుకున్నాను.

ఎండలు తగ్గుముఖం పట్టాక ఫోర్‌మన్ వచ్చాడు. లావుపాటి మనిషి. మంచివాడే. బిస్కెట్ల పొట్లం అత్తగారి చేతిలో పెట్టి, షెడ్డులోకి వెళ్లి మెషిన్ చుట్టూ తిరిగాడు.

"ఎప్పుడు వేస్తావు తమ్ముడూ?"

"వేస్తానన్నా."

"గేటు దగ్గర ఫ్యాన్ ఉంది. కుర్చీ ఉంది. లారీ వస్తే లేవాలి, పోతే కూర్చోవాలి. తేలికపాటి పని."

"నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు లోపలికి వెళుతుంటే నేను గేటు తీయాలి. అంతేగా?"

"గేటు తీయడానికి ఆ వేళ్లు సరిపోతాయి కదరా" అన్నాడు ఫోర్‌మన్. అన్నాక నాలుక కరుచుకున్నాడు. అత్తగారు బిస్కెట్ల పొట్లం తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది, విప్పలేదు. వెళ్లేటప్పుడు ఫోర్‌మన్ గుమ్మం దగ్గర నాతో అన్నాడు, "చెల్లెమ్మా, వాడి మంచికే చెబుతున్నా. ఆ పని ఎన్నాళ్లని అట్టేపెట్టి ఉంచుతాను?"

ఆ సాయంత్రం మా ఆయన అన్నం తింటూ, కంచంలోకి చూస్తూ అన్నాడు. "ఆదివారం వేస్తా. నువ్వు అటుపక్క నిలబడి పలక అందుకో."

ఆదివారం పొద్దున్న నేను జుట్టు ముడి వేసి, ఉంగరం తీసి, చేతులు మోచేతులదాకా మడిచి వెళ్లాను. కాగితం అప్పటికే చుట్టి ఉంది. ఆయన నాకు మాస్కు సరిచేసి, డిప్పలు పెట్టి, పక్కకి జరిపి నిలబెట్టాడు. తను ఎర్ర పలకకి తుంటి ఆనేంత దగ్గరలో నిలబడ్డాడు. తాళం తీశాడు. దుమ్ము గొట్టం ముందు మొదలైంది. తర్వాత డ్రమ్ము.

చెవులు మూసి ఉన్నా అరికాళ్లలోంచి ఆ చప్పుడు పైకి వచ్చింది. ఆయన ఒక పొడుగాటి పలకను పట్టా మీద పెట్టి చేతులు వెనక్కి తీసేశాడు. మొదటిసారి పలక మీంచి కాగితమంత మందమే పోవాలని ముందే చెప్పాడు. పలక మెల్లగా లోపలికి వెళ్లింది. నావైపు దాని కొస కనిపించింది. నేను చేతులు చాచాను.

అప్పుడు టపటపమని ఏదో కొట్టుకుంది. ఆ వెంటనే పెద్ద పేలుడు. డ్రమ్ము మీది కాగితం చిరిగి కొరడాలా రేగి, మూతలోపల కొట్టుకుని ఆగింది. మెషిన్ ఆగిపోయింది. ఆయన తుంటి ఎర్ర పలకకి ఆనించి అలాగే నిలబడి ఉన్నాడు.

"చేతులు చూపించు" అన్నాడు. డిప్పల వల్ల మాట వినపడలేదు, మాస్కు దించిన ఆయన పెదాలు కదలడమే కనిపించింది. నేను రెండు చేతులూ ఎత్తి చూపించాను. తిప్పి చూపించమన్నట్టు సైగ చేశాడు. తిప్పాను. అప్పుడు ఆయన మెయిన్ కట్టేసి, తాళం వేసి, పక్కనున్న పెట్టె మీద కూర్చుండిపోయాడు.

"ఏమైందిరా!" అంటూ అత్తగారు కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏం కాలేదమ్మా. కాగితం చిరిగింది."

కాసేపటికి నాతో అన్నాడు. "ఫోర్‌మన్ అన్నకి కబురు చెయ్యి. రేపట్నుంచి గేటుకి వస్తానని చెప్పు."

సరేనందామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. గేటు దగ్గర ఫ్యాన్ ఉంది, కుర్చీ ఉంది. మా ఇంట్లో ఒకరైనా కూర్చుని పనిచేస్తారన్న ఊహ నాకు అసూయగా కాదు, హాయిగా అనిపించింది. కానీ చిరిగిన కాగితాన్ని అలా వేలాడనివ్వడం చేతకాక, "తాళంచెవి ఇలా ఇవ్వండి" అని తీసుకుని జేబులో వేసుకున్నాను. మూత ఎత్తి, కాగితం ముక్కల్ని తీయడం మొదలుపెట్టాను.

ఆ కాగితం పట్టీని డ్రమ్ము చుట్టూ ఏటవాలుగా, దెబ్బకి కట్టు కట్టినట్టు చుట్టాలి. రెండు కొసల్నీ రెండు క్లిప్పుల్లో బిగించాలి. బయటి క్లిప్పు బయటే ఉంది, దానిలో కాగితం ముక్క ఇంకా గట్టిగా ఉంది. లోపలిది డ్రమ్ముకీ మోటారు గోడకీ మధ్య ఇరుకు సందులో ఉంది. అక్కడ కాగితం కొస లేదు. దాని బదులు టేపు ఉంది. నల్లటి కరెంటు టేపు, మడతలు మడతలుగా. కరిగి డ్రమ్ముకి అంటుకుపోయి ఉంది.

రసమట్టం మళ్లీ మళ్లీ పెట్టి చూసిన మనిషి, గొట్టం విప్పి తిప్పిన మనిషి టేపు వేశాడు.

సందులో చెయ్యి పెట్టాను. కుడిచేయి కాగితం పట్టుకోవాలి కాబట్టి ఎడమచెయ్యే పెట్టాలి. ఆ వంపులోకి వెళ్లేది కూడా ఎడమచెయ్యే. క్లిప్పుకి గట్టి స్ప్రింగ్ ఉంది. బొటనవేలు కింద ఆనించి, చూపుడువేలూ మధ్యవేలూ కలిపి పైనుంచి నొక్కితే తప్ప నోరు తెరవదు. క్లిప్పు చుట్టూ ఇనుము మీద గాట్లు ఉన్నాయి. పట్టకారుతో, స్క్రూడ్రైవర్‌తో, ఇంకా దేనిదేనితోనో చేసిన గాట్లు. కొన్ని పాతబడి మసకబారాయి, కొన్ని ఇంకా మెరుస్తున్నాయి.

భయం కాదు. లేదా భయం ఒక్కటే కాదు.

నేను చెయ్యి బయటికి తీయకుండానే అడిగాను.

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచే."

"చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పను?" ఆయన గొంతు పెంచలేదు. "చలికాలమంతా చొక్కా గుండీలు నువ్వే పెట్టావు. బూట్లు నువ్వే కట్టావు. మెషిన్ దగ్గరైనా నా పని నేను చేసుకుందామనుకున్నా. అన్నీ సరిచేస్తూ పోతే ఎప్పటికో ఒకప్పటికి అదీ సర్దుకుంటుందనిపించింది."

అత్తగారు కిటికీ దగ్గరే ఉంది. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ మెడకి వేలాడుతున్న డిప్పలు చెవులకి పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఓదార్చే మాటలన్నీ చలికాలంలోనే వాడేశాను. వీపు లాగుతోంది, మోకాళ్ల కింద నేల గట్టిగా ఉంది.

"ఎటు నొక్కాలి?" అన్నాను.

ఆయన లేచి, కొత్త కాగితం పట్టీ తెచ్చి, నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"కిందకి కాదు. నీవైపు లాక్కుంటూ నొక్కు. నోరు తెరిచిందా?"

"తెరిచింది."

"పట్టీ కొస దూరుస్తున్నా. ఆ... వదలకు. ఇప్పుడు కొంచెం వెనక్కి రానివ్వు, స్ప్రింగ్ తనే లాక్కుంటుంది. ఇప్పుడు వదులు."

టక్కుమంది. చిన్న చప్పుడు. ఆయన కాగితాన్ని డ్రమ్ము పొడవునా అరచేత్తో తడిమి చూశాడు. ఎక్కడా వదులు లేదు.

ఫోర్‌మన్‌కి నేను కబురు చేయలేదు. చేశావా అని ఆయన అడగలేదు.

ఆ తర్వాత మెషిన్ నడిచింది. వీధి మలుపు తిరిగేటప్పుడు చప్పుడు వినపడేది. పలకలు ఒక్కొక్కటే నున్నబడి గోడకి చేరేవి. ఉప్పుకాగితం అరిగిపోతే పని ఆగేది, నేను వచ్చి సందులో చెయ్యి పెట్టేదాకా. లాండ్రీ నుంచి వచ్చి, నీళ్లు తాగి, నేరుగా మోకాళ్ల మీద కూర్చునేదాన్ని. నా రోజుకి ఇంకో పని చేరింది. దాన్ని గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. అలసట అలసటే. ఒక్కోసారి దుప్పటి కొస పట్టుకుని ఉండగా బొటనవేలూ రెండు వేళ్లూ వాటంతట అవే ఒకదాన్నొకటి నొక్కుకునేవి. నాతో జతగా పట్టే ఆవిడ అడిగేది, "ఏం లెక్కపెడుతున్నావే?" అని.

బల్లలు ఇచ్చే రోజు దగ్గరపడ్డాక, వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున్న పనికి వెళ్లే హడావుడిలో ఆయన పిలిస్తే వెళ్లి క్లిప్పు బిగించి, చేతులు తుడుచుకుంటూ బస్సుకి పరిగెత్తాను. మధ్యాహ్నం భోజనం వేళ జేబులో చెయ్యి పెడితే చల్లగా తగిలింది. తాళంచెవి.

మా ఇంట్లో ఫోన్ ఎత్తేది అత్తగారు. ఆవిడకి ఆ డిప్పలు ఉన్నాయి. ఎంతసేపు మోగినా ఎత్తలేదు. సెలవు అడిగితే ఇవ్వలేదు. రోలర్ల ముందు నిలబడి సాయంత్రందాకా నన్ను నేను తిట్టుకున్నాను. తర్వాత సర్దిచెప్పుకున్నాను. ఆ పెట్టె ఎంత, ఒక స్క్రూడ్రైవర్‌తో ఊడివస్తుంది, ఈపాటికి ఊడదీసే ఉంటాడు.

వీధి మలుపు దగ్గర చప్పుడు లేదు. వాన మాత్రమే.

గుమ్మంలో అత్తగారు నా కోసమే కాచుకుని ఉంది. మొహం నిండా నవ్వు ఆపుకుంటోంది.

"ఫోర్‌మన్ వచ్చాడమ్మాయ్. వీడు ఆ మెషిన్ పక్కన కూర్చుని, బల్ల అంచులు చేత్తో రుద్దుకుంటున్నాడు. 'ఏరా, గేటు సంగతి ఏం చేశావు' అన్నాడు. 'రానన్నా, మెషిన్ నడుస్తోంది, ఇంకెవర్నైనా చూసుకో' అన్నాడు వీడు. 'నడిచే మెషిన్ ముందు ఇలా కూర్చున్నావేంట్రా' అంటే, 'మా ఆవిడ చెయ్యి లోపల ఉందన్నా' అన్నాడు." ఆవిడ ఇక ఆపుకోలేకపోయింది. "పాపం ఆ మనిషి వంగి లోపలికి చూశాడే! నీకోసం!"

షెడ్డులోకి వెళ్లాను. ఆయన ఉప్పుకాగితం ముక్క చెక్కకి చుట్టి, కుడిచేత్తో రుద్దుతున్నాడు. ఎడమచెయ్యి పలకని కదలకుండా పట్టుకుని ఉంది. నేల మీద సన్నటి పొడి. ఇనుప పెట్టె పెట్టినట్టే ఉంది. దాని మీద గీత కూడా లేదు.

"ఊడదీయాల్సింది" అన్నాను. "రోజంతా పోయింది."

"తాళంచెవి నీ దగ్గరుంది కదా."

"నేను లాండ్రీలో ఉన్నానని మీకు తెలియదా?"

"తెలుసు." రుద్దడం ఆపలేదు. "తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ల చెయ్యి లోపలున్నట్టే. ఒకసారి కాదనుకుంటే ఇక అది రూల్ కాదు."

రేపు పొద్దున్నే బడివాళ్ల వ్యాను వస్తుంది. ఇంకా రెండు పలకలు మిగిలాయి. నా బట్టలు తడిసి ఒంటికి అంటుకుపోయాయి. జేబులోంచి తాళంచెవి తీసి చాచాను.

ఆయన తీసుకోలేదు. లేచి నిలబడి, దుమ్ము దులుపుకున్నాడు.

"ముందు చేతులు చూపించు."

చూపించాను. లాండ్రీ ఆవిరికి వేళ్ల కొసలు ముడతలు పడి, తెల్లగా ఉన్నాయి. తిప్పి చూపించాను. ఆయన ఒక్కొక్క వేలునే చూసి, అప్పుడు తాళంచెవి తీసుకున్నాడు.